మా తమ్ముడి ఊపిరి లెక్కపెట్టిన ఐసీయూ: నెల్లూరు ఆస్పత్రి గురించి నా అభిప్రాయం

ఒక ఐసీయూ మంచిదా కాదా అని ఎట్లా తెలుసుకోవాలో మనకు ఎవరూ చెప్పరు. మిషన్లు కొత్తవేనా, పెద్ద డాక్టరు ఎక్కడ చదివారు, రోజుకి ఎంత తీసుకుంటారు, మనం అడిగేవి ఇవే. ఎడగారు (రెండో పంట) కోతలప్పుడు మా తమ్ముడిని నెల్లూరులో ఒక ప్రైవేట్ ఆస్పత్రి ఐసీయూలో చేర్చాల్సి వచ్చింది. కట్లపాము కరిచింది. చాలా రోజులు వెంటిలేటర్ మీదే ఉన్నాడు. ఇప్పుడు ఇంట్లో బాగున్నాడు. అక్కడ చూసినదాన్ని బట్టి నేను చెప్పేది ఒకటే. మీ మనిషిని ఏ ఐసీయూలో చేర్చినా, అక్కడి సిస్టర్లు రోగి ఊపిరిని కళ్ళతో చూసి, గడియారం పెట్టుకుని లెక్కపెడుతున్నారా అన్నది ముందు గమనించండి. ఆ పని చేసే చోటైతే తక్కిన లోపాలు ఓర్చుకోవచ్చు.

ఆస్పత్రి పేరు రాయడం లేదు. మనసారా మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి, గట్టిగా అడగాల్సినవీ ఉన్నాయి. పైగా ఐసీయూ అంటే ఆ షిఫ్టులో ఉన్న మనుషులే. వాళ్ళు మారితే అదే గది వేరేగా ఉంటుంది. పేరు చూసి పరుగెత్తడం కంటే ఏం చూడాలో తెలిస్తే మీకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

నేను బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక ఊళ్ళో మండల పరిషత్ స్కూల్లో రెండో తరగతి పిల్లలకు చెప్తాను. వైద్యం చదువుకోలేదు. ఐసీయూ బయట కూర్చుని, తలుపు తీసుకుని వచ్చిన ప్రతి డాక్టరునీ సిస్టర్‌నీ అడిగి, నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇంటికొచ్చాక ఆ మాటలన్నీ చదివి సరిచూసుకున్నాను. కొందరు విసుక్కున్నారు, చాలామంది ఓపిగ్గా చెప్పారు.

వడ్లు తూకం వేసేదాకా కల్లం దగ్గర కాపలా పడుకోవడం మా వైపు మామూలే. తమ్ముడు పట్ట పరుచుకుని నేల మీదే పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపు నొప్పి అంటూ ఇంటికి వచ్చి వాంతి చేసుకున్నాడు. ఒంటి మీద కాటు గుర్తు లేదు, వాపు లేదు, మంట లేదు. కట్లపాము కాటు అంతేనట. రాత్రిళ్ళు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలో కరుస్తుంది. కోరలు చిన్నవి కాబట్టి చాలామందికి కరిచిన సంగతే తెలియదు. పొద్దున్నే కడుపు నొప్పి, మింగుడు పడకపోవడం, రెప్పలు వాలిపోవడం, ఇట్లా బయటపడుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, మన దేశంలో ప్రాణాలు తీసే పాముల్లో ముఖ్యమైనవి ఈ నాలుగూ. అన్నిట్లోకీ కట్లపాముకే చప్పుడు తక్కువ.

ముందు దగ్గర్లోని ఒక చిన్న ఆస్పత్రికి పోయాం. వేలికి క్లిప్పు పెట్టారు. 98 చూపించింది. "ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంది, ఇది గ్యాస్ నొప్పి" అని ఇంజక్షన్ చేసి సెలైన్ ఎక్కించారు. అప్పటికే వాడి రెప్పలు సగం వాలి ఉన్నాయి. రాత్రి కాపలా కదా, నిద్రమత్తు అన్నారు. ఛాతీ మీద చొక్కా తీసి చూసినవాళ్ళు లేరు. మా మరదలు నా చెయ్యి పట్టుకుని, "వదినా, ఆయన మాట ముక్కుతో వస్తా ఉంది, ఎప్పుడూ ఇట్లా మాట్లాడడు" అంది. ఆ పిల్ల పట్టుకున్నది చాలా పెద్ద గుర్తు. అంగిలి, గొంతు కండరాలు బలహీనపడితే మాట అట్లాగే మారుతుందని తర్వాత చెప్పారు. కారు మాట్లాడుకుని నెల్లూరు వచ్చేశాం.

ఇక్కడి నుంచి నేను మెచ్చుకునేది మొదలు.

ఎమర్జెన్సీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. నొప్పి ఎక్కడ అని కాకుండా, "రాత్రి ఎక్కడ పడుకున్నాడు?" అని అడిగింది. కల్లం దగ్గర నేల మీద అనగానే వాడి రెప్పలు ఎత్తి చూసింది, తల పైకి ఎత్తమంది. తర్వాత, "గట్టిగా ఊపిరి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒకటి, రెండు, మూడు అని ఎంత దాకా లెక్కపెట్టగలవో పెట్టు" అంది. చెడుగుడు ఆటలో కూత పెట్టినట్టు. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి ఒక్క గుక్కలో నలభై దాకానో ఆ పైనో లెక్కపెట్టగలడు. మావాడు పదిహేడు దగ్గర ఆగిపోయాడు. కాసేపటికి మళ్ళీ పెట్టించింది. పదకొండు. ఒక చీటీ మీద టైము వేసి రెండు అంకెలూ రాసింది. ఇది చెయ్యడానికి మిషన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. అంతకుముందు ఆస్పత్రిలో ఇదే చేసి ఉంటే మాకు కొన్ని గంటలు కలిసొచ్చేవి.

అప్పుడు కూడా వేలి క్లిప్పు 97 చూపిస్తూనే ఉంది. "అమ్మా, ఆక్సిజన్ బాగుంది కదా" అన్నాను. ఆమె పని ఆపకుండానే చెప్పింది. క్లిప్పు చెప్పేది రక్తం ఆక్సిజన్‌ని ఎంత పట్టుకుని ఉందో అంతవరకే. ఆ ఊపిరి తీసుకోవడానికి మనిషి ఎంత కష్టపడుతున్నాడో అది చెప్పదు. ఊపిరి చాలనప్పుడు లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం కూడా పెట్టి ఉంటే, కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతున్నా క్లిప్పు మీద అంకె బాగానే కనపడుతుంది. అది పడిపోయేసరికి ఆలస్యం అయిపోతుంది. మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి పరీక్షకు పంపారు. కార్బన్ డయాక్సైడ్ మామూలుగా 35 నుంచి 45 మధ్య ఉండాలి. వాడికి 58 వచ్చింది. వేలి మీద మాత్రం 97.

చొక్కా తీసేసి, మమ్మల్నీ చూడమంది. మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ, పొట్ట రెండూ కలిసి లేస్తాయి. వాడికి ఛాతీ లేచినప్పుడు పొట్ట లోపలికి పోతోంది. డయాఫ్రమ్, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పెద్ద కండరం, పట్టు వదిలేస్తే అట్లా ఎదురు ఊపిరి వస్తుందట. మెడ దగ్గర నరాలు, కండరాలు తీగల్లా లేస్తున్నాయి. నిమిషానికి 34 సార్లు పీలుస్తున్నాడు. ప్రతి ఊపిరీ కొంచెమే. మామూలు మనిషికి 12 నుంచి 20.

కాసేపటికి 34 కాస్తా 22కి దిగింది. మా బాబాయ్, "తగ్గతా ఉంది, దేవుడి దయ" అన్నాడు. డాక్టరమ్మ అప్పుడే గట్టిగా కేక వేసి మత్తు డాక్టరుని పిలిపించింది. "తగ్గింది కాదండీ, అలిసిపోయాడు" అంది. ఊపిరి లెక్క పెరగడం ప్రమాదమని అందరికీ తెలుసు. మనిషి తేరుకోకుండా, కళ్ళు తెరవలేకుండా ఉన్నప్పుడు లెక్క తగ్గడం ఇంకా పెద్ద ప్రమాదం. అంకె ఒక్కటే చూస్తే మామూలుకి వచ్చినట్టే ఉంటుంది. మనిషిని చూస్తేనే తెలుస్తుంది. గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. ఆమె ఆ అంకెను చూసి సంతోషపడి పక్క బెడ్‌కి పోయి ఉంటే నేను ఇది రాస్తూ ఉండేదాన్ని కాదు.

పాము విరుగుడు పది వయల్స్ సెలైన్‌లో కలిపి ఎక్కించారు. గుర్రాల నుంచి తయారుచేసే మందు అది, నాలుగు రకాల పాములకీ ఒకటే. కొందరికి రియాక్షన్ వస్తుందని, దాన్ని ఆపే అడ్రినలిన్ ఇంజక్షన్ పక్కనే సిద్ధంగా పెట్టుకున్నారు. నేను అనుకున్నది ఏంటంటే, విరుగుడు పడింది కదా, రేపటికి లేచి కూర్చుంటాడని. పెద్ద డాక్టరు గారు ఆ ఆశని సున్నితంగానే సరిచేశారు. కట్లపాము విషం నరాల కొసల్ని దెబ్బతీస్తుంది. నరం నుంచి కండరానికి కబురు పోయే చోటు అది. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని మందు పట్టుకుంటుంది, అప్పటికే చెడిపోయిన కొసల్ని బాగుచెయ్యలేదు. అవి మళ్ళీ పెరగాలి. కొందరికి రెండు మూడు రోజులు, కొందరికి వారాలు. "అప్పటిదాకా అతని బదులు మనం ఊపిరి తీసుకోవాలి. ఈ పాముకి అసలు వైద్యం అదేనమ్మా" అన్నారు.

ఆ మాట నాకు బాగా పట్టింది. తర్వాత చదివితే తెలిసింది, అసలు ఐసీయూ అనేది పుట్టిందే ఇట్లాంటి రోగుల కోసం. 1952లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించి, ఊపిరి కండరాలు చచ్చుబడి పిల్లలు పోతుంటే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టించి, వైద్య విద్యార్థుల చేత రాత్రింబవళ్ళు చేత్తో బ్యాగు నొక్కించి ఊపిరి పోయించాడు. నరాలు తేరుకునేదాకా ఎవరో ఒకరు ఊపిరి అందిస్తే మనిషి బతుకుతాడన్నది అక్కడ రుజువైంది. మా తమ్ముడికి జరిగింది అదే. చేతుల బదులు మిషన్.

ఇక సిస్టర్ల సంగతి. ప్రతి గంటకీ ఒక సిస్టర్ వచ్చి, రోగి పక్కన నిలబడి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెడుతుంది. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవెయ్యడం కాదు. మానిటర్ మీద అంకె ఉంది కదా, ఇదెందుకు అని ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక సిస్టర్‌ని అడిగాను. ఛాతీ మీద అంటించే ఈసీజీ పట్టీలే ఛాతీ కదలికను బట్టి ఆ అంకె ఇస్తాయట. రోగి కదిలినా, పట్టీ ఊడినా, గుండె కొట్టుకోవడం ఊపిరిలా కనపడినా తప్పు చూపిస్తుంది. ఆ రోజు ఎదురు బెడ్ పెద్దాయనకి మానిటర్ 18 అంటుంటే ఈమె లెక్కకి 29 వచ్చింది. ఆమె ఫోన్ చేసింది, డాక్టరు వచ్చారు, మందు మార్చారు. నా కళ్ళ ముందు జరిగింది. అంతమంది ఉన్న గదిలో ఆ తేడా పట్టింది ఆమె కళ్ళే.

గోడ మీద ఒక పట్టిక ఉంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు 2012లో తెచ్చి 2017లో సవరించినది. ఊపిరి నిమిషానికి 12 నుంచి 20 అయితే సున్నా మార్కులు, 21 నుంచి 24 అయితే రెండు, 25 గానీ ఆ పైన గానీ అయితే మూడు. 8 గానీ ఆ కింద గానీ అయినా మూడే. బీపీ, నాడి, జ్వరం, స్పృహ, ఆక్సిజన్ అన్నిటికీ ఇట్లాగే వేసి కూడతారు. మార్కులు ఎక్కువైతే డాక్టరుని పిలవాలి. వెంటిలేటర్ మీద లేనివాళ్ళకి దాన్నే వాడుతున్నారు. మా పిల్లలకి మార్కులు ఎక్కువ రావాలి, ఇక్కడ సున్నా రావాలి.

ఊపిరిలో ఇన్ని రకాలుంటాయని నాకు ఆ గదిలోనే తెలిసింది. పక్క బెడ్‌లో కావలి వైపు నుంచి వచ్చిన కుర్రాడు, షుగరు ఉండీ ఇన్సులిన్ మానేశాడట. లోతుగా, వేగంగా, ఎక్కడా ఆగకుండా పీలుస్తున్నాడు, పరుగెత్తి వచ్చినట్టు. ఊపిరితిత్తుల్లో జబ్బేమీ లేదు. రక్తంలో ఆమ్లం పెరిగిపోతే దాన్ని బయటికి పంపడానికి ఒళ్ళే అట్లా ఊపిరి తీయిస్తుందట. 1874లో జర్మనీ డాక్టరు కుస్‌మౌల్ రాశాడు కాబట్టి ఆ పేరే పెట్టారు. వాళ్ళ అమ్మ ఆస్తమా అనుకుని ఇన్హేలర్ పెట్టమని బతిమాలుతోంది. ఇన్సులిన్, సెలైన్ పడేకొద్దీ ఆ ఊపిరి దానంతట అదే నెమ్మదించింది.

ఎదురు బెడ్ పెద్దాయనది గుండె జబ్బు. ఆయన ఊపిరి చిన్నగా మొదలై, పెద్దదై, మళ్ళీ చిన్నదై, కాసేపు పూర్తిగా ఆగిపోయి, మళ్ళీ మొదలవుతుంది. ఆగిన ప్రతిసారీ వాళ్ళ అబ్బాయి "సిస్టర్!" అని అరిచేవాడు. చెయిన్-స్టోక్స్ అంటారట దీన్ని, 1818లో చెయిన్, 1854లో స్టోక్స్ రాశారు, ఇద్దరూ డబ్లిన్‌లో పనిచేసిన డాక్టర్లు. గుండె బలహీనమై రక్తం నెమ్మదిగా తిరిగితే, మెదడుకి కబురు ఆలస్యంగా అంది, ఒకసారి ఎక్కువగా ఒకసారి తక్కువగా పీల్పిస్తుంది. ఆ సిస్టర్ ఆ అబ్బాయిని పక్కన నిలబెట్టుకుని, "చూడన్నా, ఇప్పుడు ఆగుతుంది, నాతోపాటు లెక్కపెట్టు" అని ఆగినంతసేపూ లెక్కపెట్టించింది. మళ్ళీ మొదలయ్యాక, "ఇంతకంటే ఎక్కువసేపు ఆగితే నేనే పరుగెత్తుకొస్తా" అంది. ఆ అబ్బాయి ఆ తర్వాత కొంచెం స్థిమితపడ్డాడు. ఇది ఏ బిల్లులోనూ రాయని పని.

మాకు అన్నిటికన్నా కష్టమైన రాత్రి తర్వాత వచ్చింది. తమ్ముడు కనురెప్ప కూడా కదపడం లేదు. టార్చి వేస్తే కంటిపాపలు పెద్దవిగా అట్లాగే ఉన్నాయి, చిన్నవి కావడం లేదు. చూడ్డానికి వచ్చిన బంధువుల్లో ఒకాయన, ఆస్పత్రుల సంగతులు తెలిసినవాడే, "బ్రెయిన్ పోయింది, డబ్బులు లాగతా ఉండారు, ఇంటికి తీసుకుపోదాం పదండి" అన్నాడు. నాయన సగం ఒప్పేసుకున్నాడు. అమ్మ నేల మీద కూలబడింది.

పెద్ద డాక్టరు గారు ఆ రాత్రి ఇంటి నుంచి వచ్చి మా అందరినీ కూర్చోబెట్టారు. కట్లపాము విషానికి కంటి కండరాలూ, కంటిపాపా కూడా చచ్చుబడతాయి, చూసినవాళ్ళు మెదడు చచ్చిపోయిందని పొరబడడం ఈ కేసుల్లో తెలిసిన విషయమే, మెదడుకి ఏమీ కాలేదు, మీరు మాట్లాడేది అతనికి వినపడుతూ ఉండొచ్చు అన్నారు. తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్ళి, వాడి చెవి దగ్గర, "నీకు వినపడితే కాలి బొటనవేలు కదుపు" అన్నారు. కాస్త ఆగి, కదిలింది. చాలా కొద్దిగా. మళ్ళీ అడిగారు, మళ్ళీ కదిలింది. నాయన్ని లోపలికి పిలిచి ఆయనకీ చూపించారు. ఇంటికి తీసుకుపోదాం అన్న మాట అంతటితో ఆగిపోయింది.

ఈ పల్లెల్లో ఎన్ని ఇళ్ళల్లో ఆ మాట ఆగి ఉండదో అని నాకు ఇప్పటికీ గుండె దడ. మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58 వేల మంది చనిపోతున్నారని అంచనా. కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రత్యేక ప్రణాళిక పెట్టుకుని 2030కల్లా ఆ చావుల్ని సగానికి తగ్గించాలని చెప్పుకుంది. కట్లపాము కేసుల్లో ఇట్లా పొరబడి గొట్టం తీసేసి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు ఆ చావుల లెక్కలో చేరే పరిస్థితి రాకూడదు.

ఆ రోజు నుంచి సిస్టర్లు వాడితో మాట్లాడకుండా ఏ పనీ చెయ్యలేదు. "అన్నా, ఇప్పుడు గొట్టంలో కఫం తీస్తున్నా, దగ్గు వచ్చినట్టు ఉంటుంది", "అన్నా, పక్కకి తిప్పుతున్నాం", "ఇది పగలు, టైము పదకొండు". రెప్పలు సరిగ్గా మూతపడవు కాబట్టి కళ్ళు ఎండకుండా మందు రాసి మూసేవారు. తల వైపు మంచం ఎప్పుడూ ఎత్తి ఉంచేవారు, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకుండా. నోరు రోజూ శుభ్రం చేసేవారు. తమ్ముడు ఇంటికొచ్చాక వాళ్ళు చెప్పిన మాటలు చాలావరకు తిరిగి చెప్పాడు. ఆ బంధువు అన్న మాట కూడా.

కోలుకోవడం మొదట కనపడింది వెంటిలేటర్ తెర మీదే. మిషన్ నిమిషానికి 14 సార్లు, ఒక్కోసారి 450 మిల్లీలీటర్లు ఇచ్చేటట్టు పెట్టారు. గీతలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా పోతుండేవి. ఒకరోజు మధ్యలో ఒక గీత ముందు చిన్న గుంట పడింది. ఉదయగిరి సిస్టర్ నన్ను పిలిచి వేలు పెట్టి చూపించింది. "అక్కా, ఇది మిషన్‌ది కాదు, మీ తమ్ముడే పీల్చాడు." ఆ పూట అట్లాంటివి అరుదుగా వచ్చాయి. మర్నాటికి పెరిగాయి.

గొట్టం తీయడానికి తొందరపడలేదు, అనవసరంగా ఆపనూ లేదు. తల దిండు మీద నుంచి ఎత్తి అయిదు సెకన్లు ఉంచగలగాలి అన్నారు. తర్వాత మిషన్ సాయం బాగా తగ్గించి అరగంట పైగా వాడంతట వాడిని పీల్చనిచ్చారు, డాక్టరు పక్కనే నిలబడి. నిమిషానికి ఎన్నిసార్లు అన్నదాన్ని ఒక్క ఊపిరికి ఎన్ని లీటర్లు అన్నదానితో భాగిస్తారు. 105 కంటే తక్కువ ఉంటే గొట్టం తీసినా తట్టుకునే అవకాశం ఎక్కువ. వాడికి 24ని 0.4తో భాగిస్తే 60. నేను నోట్‌బుక్కులో వేసి చూసుకున్నాను. పెద్ద ఊపిరి తక్కువసార్లు తీసుకుంటే ఆ అంకె చిన్నదవుతుంది, చిన్న ఊపిరి ఎక్కువసార్లు తీసుకుంటే పెద్దదవుతుంది. అంత పెద్ద నిర్ణయం అంత చిన్న భాగహారంతో మొదలవుతుందని తెలిసి నాకు ఆ లెక్క మీద గౌరవం పెరిగింది. గొట్టం తీశాక గొంతు బొంగురుగా, "అక్కా, నీళ్ళు" అన్నాడు. మింగడం సరిగ్గా ఉందో లేదో చూశాకే ఇచ్చారు.

ఇక అడగాల్సినవి.

రాత్రిపూట సిస్టర్లు చాలరు. పగలు బాగానే ఉంటారు, రాత్రి పదయ్యాక ఇద్దరే. వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో రోగికి ఒక్కో సిస్టర్ ఉండాలని మన ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ వాళ్ళే చెప్తారు. ఒక రాత్రి గొట్టంలో కఫం అడ్డుపడి మిషన్ అలారం మోగుతుంటే, ఇద్దరు సిస్టర్లూ వేరే రోగికి గుండె ఆగి అక్కడ ఉన్నారు. తలుపు సందులో నుంచి నాకు వినపడుతోంది, లోపలికి పోనివ్వరు. ఒక సిస్టర్ పరుగున వచ్చి తీసింది, ఏమీ కాలేదు. ఆ అమ్మాయిల తప్పు ఇసుమంత లేదు. మూడో మనిషిని పెట్టకుండా రాత్రి నడపడం యాజమాన్యం తప్పు. ఇదే మాట కంప్లైంట్ పుస్తకంలో రాసి సంతకం చేశాను.

సంతకాలు పెట్టించుకునే కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. గొట్టం వేసేముందు మా మరదలి చేత పెట్టించిన కాగితంలో ఏముందో నేను చదివి చెప్పేదాకా ఆ పిల్లకి తెలియదు. నెల్లూరులో పెట్టుకున్న ఆస్పత్రి తెలుగులో ఒక కాగితం అచ్చువెయ్యలేదా?

ఎన్టీఆర్ వైద్య సేవ కింద కేసు తీసుకున్నారు, ఆరోగ్యమిత్ర డెస్క్‌లో ఉన్న అబ్బాయి మర్యాదగా నడిపించాడు. అయితే అది మంజూరయ్యేదాకా అడ్వాన్సు కట్టమన్నారు. వడ్లు ఇంకా అమ్మలేదు, మరదలి గాజులు తాకట్టు పెట్టాం. తర్వాత తిరిగి ఇచ్చారు గానీ చాలాసార్లు అడిగితేనే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పాము విరుగుడు ఉచితమని అందరూ గుర్తుపెట్టుకోండి. అక్కడ మొదటి డోసు వేయించుకుని, ఊపిరి బలహీనంగా ఉంటే బ్యాగు పట్టే మనిషి ఉన్న అంబులెన్సులో పెద్ద ఆస్పత్రికి రావచ్చు. మేం మామూలు కారులో వచ్చాం, దారిలో ఊపిరి ఆగి ఉంటే చెయ్యగలిగింది ఏమీ లేదు.

బయట కూర్చునేవాళ్ళకి ఇనుప కుర్చీలు, ఫ్యాన్ ఒకటి, దోమలు. క్యాంటీన్ ఇడ్లీ బాగుంటుంది. ఆడవాళ్ళకి రాత్రిపూట పడుకునే చోటు లేదు. ఇదేమంత ఖర్చుతో కూడిన పని కాదు.

ఇంటికి పంపేటప్పుడు మూడు బంతుల ఊపిరి పరికరం ఇచ్చారు, బంతులు పైకి లేచేటట్టు పీల్చాలి, గంటకోసారి. గొంతు బొంగురు రెండు వారాలు దాటి ఉంటే రమ్మన్నారు. ఆలోపే పోయింది. డిశ్చార్జి కాగితంలో విరుగుడు ఎన్ని వయల్స్, వెంటిలేటర్ ఎన్ని రోజులు, మందులేంటి అన్నీ ఉన్నాయి, ఒక్క గుక్క లెక్క మాత్రం లేదు. మొదటి రోజు చీటీ ఫైల్లో ఉంది కదా, చివరి రోజుది కూడా కావాలని అడిగాను. ఎమర్జెన్సీలో మొదట చూసిన డాక్టరమ్మే డ్యూటీలో ఉంది. తమ్ముడిని నిలబెట్టి లెక్కపెట్టించి, 38 అని డిశ్చార్జి కాగితం అంచున పెన్నుతో రాసి సంతకం చేసింది. మీ మనిషి ఇట్లాంటి జబ్బుతో చేరితే ఆ అంకె అడిగి రాయించుకోండి. తర్వాత ఎప్పుడు ఆయాసం వచ్చినా, ఏ డాక్టరు దగ్గరికి పోయినా, పోల్చుకోవడానికి అది ఉంటుంది.